ఏడు మిల్లీమీటర్లు

విమానం పోయేదాకా ఆగు, అంటాడు బెల్మీరో.
లిస్బన్ విమానాశ్రయానికి మరీ దగ్గర మా ప్రయోగశాల.
రేకుల కప్పు వణికితే
తొట్టిలో నీరూ వణుకుతుంది,
ఆ వణుకు కూడా అలగా నమోదవుతుంది.
ముప్పై ఒక్క ఏళ్లుగా
ఆకాశం మీద ఒక చెవి వేసి
సముద్రాన్ని కొలిచిన మనిషి.

నా సముద్రానికి ఆ బాధ లేదు.
అది పై అంతస్తులో, చల్లటి గదిలో,
నూట ఇరవై ఎనిమిది కోర్ల మీద నడుస్తుంది.
నీరు పల్లమెరుగు అంటారు గానీ
నా నీటికి పల్లం కూడా నేనే చెప్పాలి.
గడి గడికీ చెప్పాలి:
పక్క గడి నుంచి ఎంత వచ్చింది, ఎంత పోయింది,
రాళ్ల సందుల్లో ఎంత ఊపిరి మిగిలింది.
నిరుడు ఇదే అల లెక్కకు తొమ్మిది రోజులు.
కొత్త వెర్షన్ వచ్చాక
సాయంత్రం బటన్ నొక్కి ఇంటికెళ్తే
తెల్లారేసరికి తుఫాను వెలిసి ఉంటుంది.

అందుకే కింది హాలు ఖాళీ చేయమన్నారు.
ఉత్తరాది చేపల రేవు కోసం కట్టిన నమూనా అలకట్ట,
నాలుగు వేల రెండొందల రాళ్లు,
అన్నీ బెల్మీరో చేత్తో పేర్చినవే.
అడుగు వరస ఎరుపు, ఆ పైది పసుపు, అన్నిటికన్నా పైది నీలం.
తుఫాను ఆపి నీళ్లు వదిలేశాక
ఎరుపులో పసుపు కనబడితే
ఏ రాయి ఇల్లు వదిలిందో తెలుస్తుంది.

కూల్చే ముందు ఒక పని మిగిలింది.
అతని తొట్టినే నా తెర మీద కట్టి
రెండు నీళ్లూ ఒకే మాట అంటున్నాయని చూపాలి.
అనలేదు.
కట్ట వెనకాల, పడవలు నిలిచే చోట
నా అల పొట్టి, అతని అల పొడుగు.
మూడు వారాలు.
గడులు చిన్నవి చేశాను, కాలాన్ని సన్నగా తరిగాను,
సుడుల సూత్రం మార్చాను,
సాఫ్ట్‌వేర్ కంపెనీకి రెండు కోపపు ఉత్తరాలు రాశాను.
అల అదే ఎత్తుకు లేచి
అక్కడే పడింది, మొండి పిల్లలా.

చివరికి డ్రాయింగ్ చుట్టి చంకన పెట్టుకుని కిందికి దిగాను.
అతను తొట్టి గట్టు మీద కూర్చుని
సార్డీన్ డబ్బాలో నూనెకు రొట్టె అద్దుకుంటున్నాడు.
లోపల పోసిన గులకరాయి నాలుగు మిల్లీమీటర్లే కదా, అన్నాను.
"కాగితం మీద నాలుగు."
రొట్టె నమిలాడు.
"నేను పోసింది ఏడు."

విమానం వచ్చింది. ఆగాం.

"సముద్రాన్ని అరవయ్యో వంతుకు కుదిస్తారు.
రాయి చిన్నదవుతుంది, అల చిన్నదవుతుంది,
నీటి జిగట మాత్రం నేను తగ్గనంటుంది.
అంత ఇరుకు సందులో నీరు పారదమ్మా,
తేనెలా నసుగుతుంది.
అందుకని రాయి కాస్త పెద్దది పోస్తాను.
ఆ అబద్ధం నేనాడితే
నిజం అది చెబుతుంది."

ఎక్కడా రాసిపెట్టలేదేం?
"మా మేస్త్రీ నాకు నోటితో చెప్పాడు.
నన్ను ఎవరడిగారు?"

నాలుగు చెరిపి ఏడు కొట్టాను.
మర్నాడు పొద్దున రెండు గీతలు
ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి,
ఎవరిది ఎవరిదో విడదీయలేనట్టు.
కంపెనీకి మూడో ఉత్తరం రాశాను, చాలా చిన్నది.

శుక్రవారం కట్ట తీసేశారు.
చక్రాల బండ్లలో ఎరుపు, పసుపు, నీలం కలగలిసి వెళ్లాయి.
బెల్మీరో ఒక్క రాయి కూడా జేబులో వేసుకోలేదు.
చేతులు కడుక్కుని, కుళాయి కట్టేసి,
అలవాటుగా ఒకసారి పైకి చూశాడు.

నా ఇన్‌పుట్ ఫైలులో నూట పధ్నాలుగో లైను
యంత్రం చదవకుండా దాటిపోయే లైను:
లోపలి రాయి ఏడు. డ్రాయింగ్‌ని నమ్మొద్దు.
అనుమానముంటే ఈ నంబరుకి ఫోన్ చేసి బెల్మీరోని అడగండి.
ఆదివారం పొద్దున మాత్రం ఎత్తడు.